అంతర్జాతీయ సంబంధాలు చదవడానికి విదేశం: చెన్నై నుంచి బయల్దేరేవారికి ఒక దారి

నేను విదేశానికి వెళ్ళి అంతర్జాతీయ సంబంధాలు చదువుతానని చెప్పగానే టి. నగర్‌లో మా పక్కింటి పెద్దమ్మగారి ముఖం విప్పారింది. “మంచిదమ్మా, అబ్బాయిది ఏ ఊరు?” అన్నారు. సంబంధం అనే మాటకు మన ఇళ్ళలో ఉన్న అర్థం అదే మరి. ఇది దేశాల మధ్య సంబంధాల చదువని ఆవిడకు సర్దిచెప్పడానికి అరగంట పట్టింది. మా నాన్నగారికి సర్దిచెప్పడానికి ఏడాది పట్టింది.

ఇంజనీరింగ్ చదివే పిల్లలకు ఏ పరీక్ష రాయాలో, ఏ ఊరు వెళ్ళాలో, ఎంత అప్పు పుడుతుందో వీధి మొత్తానికీ తెలుసు. ఈ చదువుకు ముందు నడిచినవారు తక్కువ. సలహా కేంద్రానికి వెళ్తే వాళ్ళు మొదట అడిగేది “ఏ దేశం?” అని. తప్పు అక్కడే మొదలవుతుంది. నేను చెప్పే దారిలో దేశం మూడో నాలుగో మాటగా వస్తుంది.

మొదటి అడుగు: మీ ప్రశ్న ఏదో తేల్చుకోండి

ఈ చదువు పుట్టిందే ఒక ప్రశ్న కోసం. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, ఇంత మారణహోమం మళ్ళీ జరగకుండా ఆపడం ఎలా అని ఆలోచించడానికి 1919లో వేల్స్ తీరంలోని అబరిస్ట్‌విత్ అనే చిన్న ఊళ్ళో దీనికంటూ తొలి ఆచార్య పీఠం పెట్టారు. అమెరికా అధ్యక్షుడు వుడ్రో విల్సన్ పేరు దానికి పెట్టారు. నూరేళ్ళు దాటినా దరఖాస్తు చదివేవారు వెతికేది అదే: ఈ అమ్మాయిని, ఈ అబ్బాయిని తొలుస్తున్న ప్రశ్న ఏమిటి?

“చిన్నప్పటి నుంచి నాకు ప్రపంచ రాజకీయాలంటే ఆసక్తి” అన్నది ప్రశ్న కాదు. ఆ వాక్యం వాళ్ళకు వేల కొద్దీ వస్తుంది. మనకున్న సరుకు వేరు. 2018 నవంబరులో శ్రీకాకుళం ప్రాంతపు మత్స్యకారులు గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్ళి, సరిహద్దు దాటారని పాకిస్తాన్‌కు పట్టుబడ్డారు. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా దాటి ఇంటికి వచ్చారు. ఉత్తరాంధ్ర మనిషి బతుకుతెరువు కోసం అరేబియా సముద్రం దాకా ఎందుకు వెళ్ళాడు? నీటి మీద గీత ఎక్కడుందో ఎవరు నిర్ణయిస్తారు? 2008 ఒప్పందం ప్రకారం భారత్, పాకిస్తాన్ ఏటా జనవరి 1న, జులై 1న తమ జైళ్ళలో ఉన్న ఎదుటి దేశస్థుల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. అంత సక్రమంగా జాబితాలు చేతులు మారుతున్నా మనుషులు ఇంటికి చేరడానికి నెలలు, ఏళ్ళు ఎందుకు పడుతున్నాయి? ఇందులో సముద్ర చట్టం, వలస, దౌత్యం, సమాఖ్య రాజకీయాలు అన్నీ ఉన్నాయి.

చెన్నైలో ఉంటే ఇలాంటివి కాళ్ళకు తగులుతూనే ఉంటాయి. 1974లో, 1976లో శ్రీలంకతో కుదిరిన సముద్ర సరిహద్దు ఒప్పందాలు, వాటితోపాటు అప్పుడు శ్రీలంక వైపు వెళ్ళిన కచ్చతీవు అనే చిన్న దీవి, ఇక్కడ ఏ ఎన్నికలు వచ్చినా మళ్ళీ లేస్తాయి. అంతకు ముందు కథ కావాలంటే బర్మాలోని రంగూన్ ఉంది, మనవాళ్ళ నోట రంగం. అక్కడి రేవులో మూటలు మోసినవారిలో తెలుగువారు ఎందరో. 1930 మే నెలలో వారికీ బర్మా కార్మికులకూ మధ్య రక్తపాతం జరిగింది. మన తాతముత్తాతల్లో ఎవరో ఒకరు “రంగం వెళ్ళొచ్చారు” అని వినని కోస్తా కుటుంబం అరుదు. అది కేవలం ఇంటి కథ అనుకుంటాం. సరిగ్గా అడిగితే అదే పరిశోధన ప్రశ్న.

ఒక నోటు పుస్తకంలో మూడు ప్రశ్నలు రాసుకోండి. ఒక్కో దాని మీద నెల రోజులు చదవండి. నెల తర్వాత కూడా విసుగు పుట్టనిదాన్ని పట్టుకోండి.

రెండో అడుగు: ప్రశ్నను బట్టి బడి, బడిని బట్టి ఊరు

ప్రశ్న దొరికాక స్కూళ్ళ జాబితా దానంతట అదే కుదించుకుపోతుంది. సముద్ర సరిహద్దులు, అంతర్జాతీయ న్యాయం మీ దారి అయితే ద హేగ్ చూడండి. అంతర్జాతీయ న్యాయస్థానం ఉన్న ఆ ఊళ్ళోనే లైడెన్ విశ్వవిద్యాలయానికి ఒక ప్రాంగణం ఉంది. మానవతా సాయం, శరణార్థులు, ఐక్యరాజ్య సమితి పనితీరు అయితే జెనీవా. అక్కడి గ్రాడ్యుయేట్ ఇన్‌స్టిట్యూట్ 1927 నుంచి ఇదే పనిలో ఉంది. యుద్ధం, వ్యూహం అయితే లండన్ కింగ్స్ కాలేజీలోని వార్ స్టడీస్ విభాగం. ఆసియా భద్రత అయితే సింగపూర్‌లోని ఆర్‌ఎస్‌ఐఎస్ అనే అంతర్జాతీయ అధ్యయనాల స్కూలును మరిచిపోవద్దు. మనవాళ్ళు దాన్ని “మరీ దగ్గర” అని పక్కన పెడతారు. బంగాళాఖాతం గురించి చదవడానికి అట్లాంటిక్ దాటాలన్న నియమం ఏమీ లేదు. అర్థశాస్త్రం మీద పట్టు ఉంటే వాషింగ్టన్‌లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు అంతర్జాతీయ అధ్యయనాల స్కూలు సైస్. దీనికి 1955 నుంచి ఇటలీలోని బొలోన్యాలో కూడా ప్రాంగణం ఉంది. పారిస్‌లో సియాన్స్ పో, బోస్టన్ దగ్గర ఫ్లెచర్, వాషింగ్టన్‌లోనే జార్జ్‌టౌన్ పేర్లు మీరు వినే ఉంటారు.

ర్యాంకుల పట్టిక చూసి ఆగిపోకండి. కోర్సు పేజీ తెరిచి నాలుగు సంగతులు చూడండి. మీ ప్రశ్న మీద పని చేస్తున్న అధ్యాపకులు కనీసం ఇద్దరు ఉన్నారా? ఒక్కరే ఉంటే ఆయన ఆ ఏడాది సెలవు మీద వెళ్ళిపోవచ్చు. గణాంకాలు, క్షేత్ర పరిశోధన వంటి పద్ధతుల పాఠం తప్పనిసరా? కష్టమని భయపడతారు గానీ తర్వాత ఉద్యోగం ఇప్పించేది అదే. సిద్ధాంత వ్యాసం రాయిస్తారా, లేక విధాన పత్రాలు రాయడం నేర్పుతారా? మొదటిది పీహెచ్‌డీ వైపు, రెండోది కొలువు వైపు తీసుకెళ్తాయి. చివరిగా, కోర్సు ఒక ఏడాదా, రెండేళ్ళా?

ఈ చివరిది డబ్బు ప్రశ్నలా కనిపిస్తుంది గానీ బతుకు ప్రశ్న. బ్రిటన్‌లో ఏడాది కోర్సు సెప్టెంబరులో మొదలై, సంచులు విప్పేలోగా డిసెంబరు వచ్చేస్తుంది. ఇంటర్న్‌షిప్‌కు మధ్యలో వేసవి ఉండదు. రెండేళ్ళ కోర్సులో ఆ వేసవి ఉంటుంది, కాకపోతే ఖర్చు రెట్టింపు. నేను ఏడాది కోర్సే చేశాను. మళ్ళీ ఎంచుకోమంటే రెండేళ్ళదే చూస్తాను.

మూడో అడుగు: నుంగంబాక్కంలో ఒక భాష

ఐక్యరాజ్య సమితికి ఆరు అధికార భాషలు: అరబిక్, చైనీస్, ఇంగ్లీషు, ఫ్రెంచి, రష్యన్, స్పానిష్. వీటిలో ఇంగ్లీషు కాక ఇంకొకటి వస్తే తలుపులు తెరుచుకుంటాయి. చెన్నైలో ఈ పనికి దూరం పోనక్కర్లేదు. నుంగంబాక్కం కాలేజీ రోడ్డులో అలియాన్స్ ఫ్రాన్సేజ్, అదే నుంగంబాక్కంలో జర్మన్‌కు గోథె ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. బి2 స్థాయి, అంటే ధారాళంగా మాట్లాడి చదవగల మెట్టు, చేరడానికి ఉద్యోగం, కాలేజీ చూసుకుంటూ అయితే రెండేళ్ళు వేసుకోండి. బీఏ రెండో ఏట మొదలుపెడితే సరిపోతుంది. వీసా వచ్చాక మొదలుపెడితే కాఫీ అడగడం వరకే వస్తుంది. తెలుగు, తమిళం రెండూ వచ్చి ఉండడం కూడా ఒక అర్హతే. శ్రీలంక శరణార్థుల మీద పని చేసే సంస్థకు తమిళం చదవగల మనిషి విలువ తెలుసు. దాన్ని బయోడేటాలో మూల పడేయకండి.

ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ గురించి పెద్దగా చెప్పేది లేదు. పేరున్న కోర్సులు 7 లేదా అంతకన్నా ఎక్కువ అడుగుతాయి, స్కోరు రెండేళ్ళు చెల్లుతుంది. అమెరికా స్కూళ్ళు కొన్ని అడిగే ప్రవేశ పరీక్ష జీఆర్ఈ కావాలో వద్దో ఆ స్కూలు పేజీలోనే చూసుకోండి.

నాలుగో అడుగు: డబ్బు

అమెరికాలో పేరున్న ప్రైవేటు స్కూళ్ళలో ఒక్క ఫీజే ఏడాదికి 60,000 డాలర్ల చుట్టూ ఉంటుంది, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. ఈ చదువు తర్వాత వచ్చే తొలి జీతం సాఫ్ట్‌వేర్ జీతం కాదు. పూర్తిగా అప్పు మీద ఈ కోర్సు చేయకండి. ఇంట్లో స్థలం కుదువ పెడతామని పెద్దవాళ్ళు ముందుకొచ్చినా వద్దనండి. స్కాలర్‌షిప్ కోసం ఒక ఏడాది ఆగాల్సి వస్తే ఆగండి.

వాటిలో ముందు చెవెనింగ్. బ్రిటన్ ప్రభుత్వానిది, ఏడాది మాస్టర్స్‌కు. 2,800 గంటల పని అనుభవం అడుగుతారు, అంటే దాదాపు రెండేళ్ళు. ఇంటర్న్‌షిప్‌లు, స్వచ్ఛంద సేవ గంటలు కూడా కలుపుకోవచ్చు. అందుకే చేసిన ప్రతి పనికీ ధ్రువపత్రం దాచండి. చదువు ముగిశాక రెండేళ్ళు స్వదేశంలో ఉండాలి. దరఖాస్తులు ఆగస్టులో తెరుచుకుని, ఇటీవల అక్టోబరులోనే ముగుస్తున్నాయి. “నవంబరు దాకా ఉందిలే” అని పాత మాట నమ్మినవారు ఏడాది పోగొట్టుకున్నారు.

అమెరికాకు ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్. మూడేళ్ళ అనుభవం కావాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. మన మూడేళ్ళ బీఏ ఒక్కటే దీనికి చాలదు, నాలుగేళ్ళ డిగ్రీకి సమానం కావాలి. అంటే ఇక్కడే ఎంఏ పూర్తి చేసి ఉంటే మేలు. మద్రాసు విశ్వవిద్యాలయంలో రక్షణ, వ్యూహాత్మక అధ్యయనాల విభాగం ఉంది. చెన్నైలో ఉన్నవారికి అది మంచి మెట్టు.

యూరప్‌లో ఎరాస్మస్ ముండస్ ఉమ్మడి మాస్టర్స్ ఉన్నాయి. కనీసం రెండు దేశాల్లో చదివిస్తారు. స్కాలర్‌షిప్ వస్తే ఫీజు లేకపోగా నెలకు 1,400 యూరోలు ఇస్తారు. లైప్‌జిగ్ విశ్వవిద్యాలయం ముందుండి నడిపే గ్లోబల్ స్టడీస్ కోర్సు మన విషయానికి దగ్గరది. జర్మనీలో ప్రజా విధానం, సుపరిపాలన చదివేవారికి అక్కడి విద్యా మార్పిడి సంస్థ డీఏఏడీ వారి హెల్ముట్ ష్మిట్ పథకం ఉంది.

మన దేశంలోవి చిన్నచూపు చూడకండి. జె. ఎన్. టాటా ఎండోమెంట్ 1892 నుంచి విదేశీ చదువులకు రుణ స్కాలర్‌షిప్ ఇస్తోంది. కె. ఆర్. నారాయణన్ టాటాల సాయంతోనే లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చదివి, 1949లో విదేశాంగ సేవలో చేరి, తర్వాత రాష్ట్రపతి అయ్యారు. ఎస్సీలు, సంచార, విముక్త జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తులవారి పిల్లలకు కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. కుటుంబ ఆదాయం 8 లక్షలు దాటకూడదు. అయితే 2022లో దీని నిబంధనలు మార్చి, భారతీయ సంస్కృతి, చరిత్ర, భారత సమాజం మీద చదువులను తీసేశారు. ఆ మార్పు నాకు నచ్చలేదు. కానీ నచ్చకపోయినా లెక్కలోకి తీసుకోవాలి. రంగూన్ తెలుగువారి మీద చదవాలనుకునేవారు దరఖాస్తులో దాన్ని ప్రాంతీయ వలస, కార్మిక విధానంగా, భారతదేశం బయటి విషయంగా చూపాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాల విదేశీ విద్య పథకాలకు స్థానికత చూస్తారు. మూడు తరాలుగా చెన్నైలో ఉన్న మనలాంటివారు వాటి మీద ఆశ పెట్టుకునే ముందు ఆ నిబంధన చదవండి.

డబ్బు పంపేటప్పుడు: 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 10 లక్షలు దాటిన సొంత డబ్బు మీద బ్యాంకు టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకుంటుంది. గుర్తింపు పొందిన సంస్థ ఇచ్చిన విద్యా రుణం నుంచి పంపితే అది ఉండదు. పట్టుకున్నది రిటర్నులో సర్దుబాటు అవుతుంది గానీ చేతిలో డబ్బు ఆడాల్సిన నెలలోనే అది ఆగిపోతుంది. అందుకని ముందే లెక్క వేసుకోండి.

అయిదో అడుగు: దరఖాస్తు కాగితాలు

ఆశయ ప్రకటనకు (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) నా పద్ధతి ఇది. మొదటి పేరాలో ఒక సంఘటన, ఒక తేదీ, ఒక చోటు. రెండో పేరాలో దాని నుంచి పుట్టిన ప్రశ్న. మూడో దానిలో ఆ ప్రశ్నకు ఇప్పటిదాకా మీరు ఏం చేశారో. నాలుగులో ఆ స్కూలులోనే ఎందుకు: ఏ పాఠం, ఏ అధ్యాపకుడు, ఏ కేంద్రం. రాశాక గట్టిగా చదవండి. మహాత్ముల సూక్తులు, “గ్లోబల్ విలేజ్” లాంటివి కనిపిస్తే కొట్టేయండి. మీ పేరు తీసి స్నేహితురాలి పేరు పెట్టినా ఆ పేజీ అలాగే నడిస్తే, మళ్ళీ రాయాలి.

సిఫారసు లేఖలు నిజంగా తలనొప్పి. మన కాలేజీల్లో మేడమ్‌గారిని అడిగితే “నువ్వే రాసి తీసుకురా అమ్మా, సంతకం పెడతాను” అంటారు. అది తిట్టు కాదు, ఆవిడకు నూటఇరవై మంది విద్యార్థులు. కానీ ముగ్గురి లేఖలూ మీ శైలిలోనే ఉంటే అవతలివారు పట్టేస్తారు. లేఖ రాసి ఇవ్వకండి. దానికి బదులు ఒక పేజీలో సమాచారం ఇవ్వండి: ఆవిడ క్లాసులో మీరు రాసిన వ్యాసం పేరు, వచ్చిన మార్కు, జరిగిన ఒక వాదన, దరఖాస్తు గడువు. అది చేతిలో ఉంటే ఆవిడే రాస్తారు, బాగా రాస్తారు.

లేఖ ఎక్కించే లింకును స్కూళ్ళు అధ్యాపకుల కాలేజీ అధికారిక ఈమెయిలుకే పంపుతాయి. నా దరఖాస్తుల్లో ఒకటి అక్కడే మునిగింది. మా సారు ఆ ఈమెయిలు పెట్టె తెరిచి ఎనిమిది నెలలయింది, అది నిండిపోయి కొత్త ఉత్తరాలు తీసుకోవడం మానేసింది. గడువు దాటాక తెలిసింది. కాబట్టి ముందే ఒక పరీక్ష ఉత్తరం పంపి, జవాబు వచ్చిందాకా వదలకండి.

ట్రాన్‌స్క్రిప్టులకు, అంటే అధికారిక మార్కుల పత్రాలకు, ఆరు వారాలు పక్కన పెట్టుకోండి. స్వయంప్రతిపత్తి కాలేజీలో చదివితే మార్కుల పత్రం కాలేజీ పరీక్షల విభాగానిది, పట్టా విశ్వవిద్యాలయానిది. రెండు కార్యాలయాలు, రెండు వరసలు. సీలు వేసిన కవర్లు అవసరానికి మించి నాలుగు ఎక్కువ తీసుకోండి. మళ్ళీ తిరిగే ఓపిక ఉండదు.

ఆరో అడుగు: వీసా, మన పాస్‌పోర్టు

అమెరికా అయితే స్కూలు పంపే ప్రవేశ పత్రం ఐ-20 వచ్చాక, విదేశీ విద్యార్థుల నమోదు కోసం 350 డాలర్ల సెవిస్ రుసుము కట్టి, జెమిని ఫ్లైఓవర్ పక్కనున్న కాన్సులేటులో ఇంటర్వ్యూకు వెళ్ళాలి. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా అడిగేవారు తమ సామాజిక మాధ్యమాల ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచాలి. మన చదువే రాజకీయం కాబట్టి ఇది మనకు గట్టిగా తగులుతుంది. అబద్ధం చెప్పవద్దు, ఖాతాలు దాచవద్దు. ఆవేశంలో రాసినవాటిని మాత్రం వేరొకరి కళ్ళతో ఒకసారి చదువుకోండి. ఇంకో సంగతి: చదువు తర్వాత పని చేసుకునే అనుమతి ఓపీటీ మామూలుగా 12 నెలలే. సైన్సు, ఇంజనీరింగ్ వారికి దొరికే మరో 24 నెలలు అంతర్జాతీయ సంబంధాల కోర్సులకు సాధారణంగా రావు. గణాంకాలు ఎక్కువగా ఉన్న కొన్ని కోర్సులకు మినహాయింపు ఉంటుంది. ఐ-20లో మీ కోర్సు ఏ రంగానిదో చెప్పే సీఐపీ కోడ్ ఏమిటో చేరే ముందే అడగండి.

బ్రిటన్‌కు చూపాల్సిన డబ్బు వరసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. ఇరవై ఏడో రోజున అత్త కూతురి పెళ్ళికి పది వేలు తీసినా, నిల్వ కావలసిన మొత్తం కన్నా తగ్గిందంటే లెక్క మళ్ళీ మొదటికి. ఆరోగ్య రుసుము ఏడాదికి 776 పౌండ్లు. చదువు తర్వాత పని చేసుకోనిచ్చే గ్రాడ్యుయేట్ రూట్ వీసా ఇప్పటివరకు రెండేళ్ళు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి అది 18 నెలలు. జర్మనీకి మన పట్టాలు సరైనవని చెప్పే ఏపీఎస్ ధ్రువపత్రం, ఏడాదికి 11,904 యూరోలు వేసి నెలకింత చొప్పునే తీసుకోగల బ్లాక్డ్ ఖాతా కావాలి. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఎక్కువచోట్ల ఫీజు లేదు గానీ, బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం యూరోపియన్ యూనియన్ బయటివారి దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటుంది.

రెండు దేశాల కోర్సులంటే రెండు వీసాలు. కరపత్రంలో ఈ మాట ఉండదు. లండన్‌లో ఉన్నప్పుడు మా క్లాసు వారం రోజులు జెనీవా వెళ్ళింది. ఫ్రెంచి, ఇటాలియన్ పిల్లలు సంచి సర్దుకుని రైలెక్కారు. నాకు షెంగెన్ వీసా, అంటే యూరప్ దేశాల ఉమ్మడి వీసా, అపాయింట్‌మెంట్ దొరికింది ఆ ప్రయాణం ముగిసిన పది రోజులకు. దేశాల మధ్య సంబంధాల గురించి ఆ వారంలో గదిలో కూర్చుని నేర్చుకున్నంత ఏ పాఠంలోనూ నేర్చుకోలేదు. అందుకే కోర్సు కాలపట్టిక చేతికి రాగానే అందులో ఉన్న ప్రయాణాలన్నీ గుర్తించి, మూడు నెలల ముందే వీసా వెతకండి.

ఏడో అడుగు: చేరాక, ఆ తర్వాత

ఐక్యరాజ్య సమితి సచివాలయం ఇంటర్న్‌షిప్‌కు జీతం ఇవ్వదు. జెనీవాలోనో న్యూయార్క్‌లోనో ఆరు నెలలు జీతం లేకుండా ఉండడం ఎవరికి సాధ్యమో మీకే తెలుస్తుంది. అందుకని మొదటి సెమిస్టరు నుంచే జీతం ఇచ్చే పరిశోధన సహాయకుల పనులు చూడండి. సమితి యువ నిపుణుల పరీక్షకు 32 ఏళ్ళ వయోపరిమితి ఉంది. సిబ్బందిలో ప్రాతినిధ్యం తక్కువున్న దేశాలవారినే పిలుస్తారు. దాని మీదే జీవితం కట్టుకోకండి. ప్రపంచ బ్యాంకు, ఆలోచనా కేంద్రాలు (థింక్ ట్యాంకులు), నౌకా బీమా సంస్థలు, వార్తా సంస్థలు కూడా ఈ చదువును అడుగుతాయి. బెంగళూరులో తక్షశిల సంస్థ లాంటి ఆలోచనా కేంద్రాలు ఉన్నాయి. తిరిగి వచ్చాక అక్కడ తలుపు తట్టవచ్చు.

“ఐఎఫ్‌ఎస్ అవుతావా మరి?” అని, అంటే విదేశాంగ సేవలో చేరతావా అని, ప్రతి బంధువూ అడుగుతారు. విదేశీ డిగ్రీకి యూపీఎస్సీలో ఒక్క మార్కు కూడా అదనంగా రాదు. జనరల్ విభాగానికి ఆరు ప్రయత్నాలు, 32 ఏళ్ళు. మాస్టర్స్ ముగించేసరికి పాతికేళ్ళు అనుకుంటే సమయం ఉంది, కానీ రెండు పడవల మీద కాళ్ళు పెట్టే సమయం లేదు. రాయబారి కావడానికి ఆ పరీక్ష ఒక్కటే దారి కూడా కాదు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1949 నుంచి 1952 దాకా మాస్కోలో మన రాయబారి. ఆయన తత్వశాస్త్రం ఆచార్యులు.

ఇక్కడ అధ్యాపకులు కావాలనుకుంటే డిగ్రీ సమానత్వ పత్రం అవసరం. బ్రిటన్ ఏడాది మాస్టర్స్‌ను గుర్తించడానికి 2022 జులైలో రెండు ప్రభుత్వాల మధ్య అవగాహన కుదిరింది. 2025 ఏప్రిల్‌లో విశ్వవిద్యాలయాలను చూసే కేంద్ర సంస్థ యూజీసీ విదేశీ డిగ్రీల గుర్తింపుకు కొత్త నిబంధనలు తెచ్చింది. వాళ్ళు అడిగేవి పట్టా, మార్కుల పత్రం మాత్రమే కావు. ప్రవేశ ఉత్తరం, కోర్సు సిలబస్, మీరు అక్కడ నిజంగా ఉండి చదివారని చూపే పాస్‌పోర్టు పేజీలు కూడా అడగవచ్చు. కోర్సు ముగిసిన వారంలోనే, విద్యార్థి ఈమెయిలు మూతపడక ముందే, సిలబస్ పేజీలన్నీ దింపుకుని రెండు చోట్ల దాచండి. పాత పాస్‌పోర్టును మాత్రం అమ్మ బీరువాలో పెట్టండి. మా ఇంట్లో పోకుండా ఉండేది అక్కడొక్కటే.